పార్కింగ్‌లో ఎర్ర మరకలు

"నువ్వు నడిపితే ఆటోమేటిక్ బండి గూడ ఆగమైతది" అన్నాడు రాజశేఖర్, తన టిఫిన్ డబ్బాకు మూత బిగిస్తున్న శ్రీకళ వంక చూడకుండానే.

కోపంగా అనలేదు. అతను ఏదీ కోపంగా అనడు. ఈసారి ఎండలు ముందే వచ్చాయన్నట్టు, నల్లా నీళ్ళు ఆలస్యమయ్యాయన్నట్టు మామూలుగా అంటాడు. తాగి రాడు, గొంతు లేపడు, చెయ్యెత్తడు. కాలనీలో అతనికి మంచివాడని పేరు. పెళ్ళైన కొత్తలో శ్రీకళ ఆ మాటలు జోకులనుకుని నవ్వేది. తర్వాత జవాబు చెప్పేది. ఏ జవాబూ అతని దాకా చేరడం లేదని తెలిశాక మానేసింది. ఇప్పుడు మాట పడగానే చేతిలో ఉన్న పని కాస్త గట్టిగా చేస్తుంది, అంతే. ఆ పొద్దున డబ్బా మూత ఎంత గట్టిగా బిగిసిందంటే, మధ్యాహ్నం సైట్లో దాన్ని తీయడానికి అతను ఇంకెవరి సాయమైనా అడిగి ఉంటాడు.

"గేర్లు ఏసుడు లేదు, క్లచ్ తొక్కుడు లేదు. ఊకె కూసోని తిప్పుడే. గంత అల్కటి బండిని గూడ ఖరాబ్ జేసినవ్." నీళ్ళ సీసా కోసం చెయ్యి చాపాడు. ఆమె అందించింది. "పాత బండ్లు కొనే గజేందర్ ఐతారం ఒస్తనన్నడు. బండి గాయనకు ఇచ్చేద్దాం. నీకు మెట్రో ఉన్నది గద."

మెట్రో ఉంది. ఎల్బీనగర్‌లో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ ఎంతసేపు? కానీ శ్రీకళ పని దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలవదు. ఆమె అక్కడొక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. మెట్రో మొదటి రైలు కదలకముందే, పరగడుపున ఆమె కోసం కాచుకుని ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకురావాలి. సరూర్‌నగర్ చెరువు వెనక సందులో ఒకరు, మూసారాంబాగ్‌లో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఒకరు, కొత్తపేటలో మంచం దిగలేని ఒకాయన. ఇదివరకు ఇవన్నీ స్కూటీ మీద తిరిగేది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ పనులు జరిగే రోజుల్లో వాన నీటి కింద గుంత కనబడక పడింది. ఎడమ చీలమండలో స్టీలు ప్లేటు వేశారు. ఆ కాలు ఇప్పుడు మెట్లెక్కుతుంది, పొయ్యి ముందు ఎంతసేపైనా నిలబడుతుంది. ట్రాఫిక్‌లో మాటిమాటికీ క్లచ్ మాత్రం తొక్కలేదు. అందుకని పాత ఆటోమేటిక్ కారొకటి ఇంటికొచ్చింది. "మా అమ్మను దవాఖానకు తీస్కవోనీకి కొన్న" అని రాజశేఖర్ చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. అమ్మను తీసుకుపోయేది ఎవరో మాత్రం చెప్పలేదు. అతను తుర్కయంజాల్‌లో ఒక బిల్డర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్. తన బైకు మీద పోతాడు, బైకు మీద వస్తాడు.

ఆ కారు గురించి శ్రీకళ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఇంట్లో ఆమె ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. బాత్రూంలో ఉన్నా తలుపు అవతల నుంచి నా చార్జర్ ఏడున్నదని అడుగుతారు. ల్యాబ్‌లో అయితే ఫోను, టోకెను, డాక్టరు గారి టీ. ఈ రెంటి మధ్యా ఆ కారులో మాత్రం ఆమెను ఎవరూ ఏమీ అడగరు. శాంపిళ్ళన్నీ తీసుకున్నాక సెంటరు వెనక సందులో వేపచెట్టు కింద కారాపి, అద్దాలు ఎత్తేసి, ఒక ఉస్మానియా బిస్కెట్ పూర్తిగా తినేది. ఎవరికీ సగం ఇవ్వకుండా, మధ్యలో లేవకుండా, నెమ్మదిగా. తనకు ఏ రంగు ఇష్టమో, కాలేజీలో ఏ పాట పాడేదో, అమ్మ చనిపోయినప్పుడు తాను సరిగా ఏడవనే లేదన్న సంగతీ అన్నీ ఆమెకు ఆ సీట్లోనే గుర్తొచ్చాయి. అలాంటి చోటును ఐతారం గజేందర్‌కు ఇచ్చేద్దాం అంటే, సీసా అందించిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది కాసేపు.

బండి పాడైన మాట నిజమే. కొన్ని వారాలుగా పొద్దున్నే గేరు లీవరును ముందుకు నడిపే డి లోకి లాగితే వెంటనే కదిలేది కాదు. ఇంజన్ అరిచేది, చక్రాలు మాత్రం మాకేం సంబంధం అన్నట్టు ఉండేవి. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక్క కుదుపుతో ఉరికేది. ముందురోజు సాయంత్రం గేటు దగ్గర ర్యాంపు ఎక్కలేక వెనక్కి జారింది. రాజశేఖర్ బాల్కనీలో నిలబడి చూశాడు. దిగి రాలేదు.

మర్నాడు, శుక్రవారం, కొత్తపేట సిగ్నల్ దగ్గర పూర్తిగా మొరాయించింది. పచ్చ లైటు పడింది, ఇంజన్ అరిచింది, బండి కదల్లేదు. వెనక హారన్లు. బైకు మీద ఒకడు అద్దం దగ్గరికి వచ్చి, "అక్కా, ఇంట్ల అన్న లేడా?" అని నవ్వుతూ పోయాడు. అన్న ఉన్నాడు తమ్ముడూ, అతనూ నీలాగే అంటాడు అనుకుంది శ్రీకళ. రెండు మూడు సార్లు ఆపి స్టార్ట్ చేశాక ఎలాగో కదిలింది. ల్యాబ్‌కు చేరేసరికి ఆలస్యమైంది. బ్రాంచి మేనేజర్ వినయ్ ఆమెకన్నా పదేళ్ళు చిన్న. చాలా మర్యాదగా మాట్లాడతాడు. "మేడం, ఈ ఏజ్‌లో మీకు ఫీల్డ్ కష్టమవుతోంది అనిపిస్తోంది. వచ్చే నెల నుంచి కౌంటర్లో కూర్చోండి. ఏసీ, ఫ్యాను, హాయిగా ఉంటుంది" అన్నాడు.

ఆ హాయి ఆమెకు తెలుసు. కౌంటర్ అంటే టోకెన్లు, ఫోన్లు, రిపోర్టు ఆలస్యమైతే పడే తిట్లు, ప్యూన్ రాని రోజున టీలు. దొరకని నరాన్ని వేలి కొసతో వెతికి పట్టుకునే విద్య అబ్బడానికి ఇరవై ఏళ్ళు పట్టింది ఆమెకు. ఆ వేళ్ళతో టోకెన్లు చింపాలి. "ఆలోచించి చెప్తాను సార్" అంది. ఆలోచించడానికి ఏముందన్నట్టు చూశాడతను.

ఆ రోజు ల్యాబ్ నుంచి మళ్ళీ వెళ్ళి తీసిన ఆఖరి శాంపిల్ సరూర్‌నగర్‌లో ఇందిరాదేవి గారిది. గుంటూరు వైపు ఆవిడ, ఎప్పుడో ఈ ఊరొచ్చి స్థిరపడిన కుటుంబం. గుండెలో కవాటం మార్చారు కాబట్టి తరచూ రక్తం చూడాలి. భర్త పట్టాభి గారు పోయి నాలుగైదేళ్ళయింది. శ్రీకళ తప్ప ఇంకెవరొచ్చినా చెయ్యి ఇవ్వదు.

"ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది?" అందావిడ, చెయ్యి చాపుతూ.

శ్రీకళ మోచేతి పైన రబ్బరు కట్టు బిగిస్తూ చెప్పింది. బండి, సిగ్నలు, ఆదివారం, కౌంటరు. చెప్పాలనుకోలేదు. సూది ఎక్కించేటప్పుడు పేషెంటు భయం మరచిపోవాలని ఏదో ఒకటి మాట్లాడడం అలవాటు. ఆ అలవాటులో తన సంగతే వచ్చేసింది.

"ఇంతకీ ఏవైందటా బండికి?"

"తెలియదమ్మా. నేను నడపడం వల్లే పాడైందంటున్నారు."

"ఎవరైనా చూసి చెప్పారా, చూడకుండానే చెప్పారా?"

శ్రీకళ ట్యూబు తిప్పుతూ ఆగిపోయింది. ఎవరూ చూడలేదు. బానెట్ ఎత్తి చూడడమన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, ఆమెతో సహా.

"మా ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఫ్యూజు బాక్సు ఎక్కడుందో నాకు తెలీదు తెలుసా" అంది ఇందిరాదేవి, దూది నొక్కి పట్టుకుని. "ముట్టుకుంటే చచ్చిపోతావనేవారు. ఆయన పోయిన నెలకి కరెంటు పోయింది. ఎదురింటాయన ఊళ్ళో లేడు. స్టూలు వేసుకుని నేనే చూశాను. ఏముంది అందులో? కాలిపోయిన తీగముక్క. ఇన్నేళ్ళు దీనికా భయపడ్డానని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నువ్వు మనిషి నరం చూసి పట్టుకుంటావు. అది బండే కదమ్మా."

*

శనివారం తెల్లవారుతుండగా పార్కింగ్‌లో అత్త గొంతు వినబడింది. బాలలక్ష్మికి డెబ్బైకి దగ్గర పడుతున్నా ఇంటి ముందు ఊడ్చి ముగ్గేయడం మానలేదు. పైపోర్షన్‌లో కిరాయికుండే కొండల్‌ను గేటు దగ్గర ఆపి దులుపుతోంది.

"పాన్ తిని ఈడనే ఉమ్ముతవా? ఎన్నిసార్లు కడగాలె నేను? నీకు గల్లీ లేదా?"

"పెద్దమ్మా, నీ మీద ఒట్టు. నేను పాన్ తినుడు బంద్ వెట్టి ఏడాదాయె."

"మరి గీ ఎర్ర మరకలు ఏంది? రోజూ కడుగుతున్న, రోజూ పడుతున్నయ్."

శ్రీకళ శాంపిల్ డబ్బా మెట్టు మీద పెట్టి కిందికి వంగింది. కారు ముందు చక్రాల మధ్య, గచ్చు మీద, నాలుగైదు ఎర్రటి చుక్కలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్ర రంగుతోనే బతికే మనిషికి అది పాన్ ఉమ్మి కాదని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. వేలితో అద్దుకుంది. జిడ్డుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నూనె వాసన.

"అత్తమ్మా, గిది ఎప్పటిసంది పడుతున్నది?"

"ఎండలు ముదిరినప్పటి సంది. ఎందుకే?"

బండి మొరాయించడం మొదలైంది కూడా అప్పటి నుంచే. శ్రీకళ మోకాళ్ళ మీద అలాగే కూర్చుండిపోయింది. ఎన్నో రోజులుగా ఈ బండి తన జబ్బు తానే చెబుతోంది. ఒకామె కడిగేసింది, ఒకామె దాని పైనుంచి నడిచి వెళ్ళింది, ఒకాయన బాల్కనీలోంచి తీర్పు చెప్పాడు.

ఆ రోజు కారు తీయలేదు. ఆటోల్లో తిరిగింది. మధ్యలో దొరికిన కాస్త ఖాళీలో, కారుతో పాటు వచ్చిన పుస్తకం సంచీలోంచి తీసి చదివింది. ఇన్నాళ్ళూ అది గ్లవ్ బాక్సులో టిష్యూ పేపర్ల కింద ఉండేది. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు ఇంజన్ ఆయిల్ వేరు, దాని ఆయిల్ వేరు అని, ఆ ఆయిలే బండిని కదిలించే బలమని, అది తగ్గితే ఇంజన్ ఎంత అరిచినా చక్రాలకు అందదని ఆమెకు మొదటిసారి తెలిసింది. తగ్గిన ఆయిల్‌తో ఎక్కువ రోజులు నడిపితే గేర్‌బాక్సు కాలిపోతుందని కూడా ఉంది. ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంటే బండి బతికి ఉన్నట్టు. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే లోపల కాలుతున్నట్టు. ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

సాయంత్రం కొత్తపేటలో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళింది. కౌంటర్ ముందు మగవాళ్ళు. ఆమె వంతు వచ్చినా ఆమె వెనకాయనను అడిగాడు దుకాణదారు. ఆమె అక్కడే నిలబడింది. ఆఖరికి, "చెప్పున్రి మేడం, అద్దాలు తుడిచే బట్టలా?" అన్నాడు.

"ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల పోసే ఆయిల్. ఈ రకం." పుస్తకంలో ఆయిల్ పేరున్న పేజీని తీసిన ఫోటో ఫోనులో చూపించింది.

"దాంట్ల ఆయిల్ పోసుడు ఉండది మేడం. కంపెనీల పోసిందే ఉంటది. సార్‌ను పంపున్రి, నేను మాట్లాడుత."

"సార్ ఈ బండి నడపడు. నేను నడుపుత. నా బండికి ఆయిల్ కొలిచే కడ్డీ ఉన్నది, ఆయిల్ కారుతున్నది, తక్కువ పడ్డది. ఈ రకమే కావాలె, ఇంకోటి ఒద్దు. పొడుగు మూతి గరాటు గూడ ఇయ్యున్రి."

అతను ఆమెను ఒకసారి చూసి, ఫోటోను ఇంకోసారి చూసి, పై అరలోంచి డబ్బా దించాడు.

*

ఆదివారం పొద్దున ఉప్మా చేసి మూతపెట్టి, పాత నైటీ మీద చున్నీ లేకుండా, జుట్టు ముడేసి పార్కింగ్‌లోకి వచ్చింది. రాజశేఖర్ పేపరు చదువుకుంటున్నాడు. బాలలక్ష్మి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గోడవారగా కూర్చుంది. "ఏం జేస్తున్నవే?" అంది. "చూస్తున్న అత్తమ్మా" అంది శ్రీకళ.

బానెట్ ఎత్తింది. లోపల అంతా నల్లగా, దుమ్ముగా, ఒకదాని మీద ఒకటి గొట్టాలు. పచ్చ పిడి ఉన్న కడ్డీ కనబడగానే లాగింది. కొసన నల్లటి ఆయిల్. తారులా నల్లగా. ఒక్క క్షణం అంతా అయిపోయిందనుకుంది. బండి పోయింది, వేపచెట్టు కింది పొద్దులు పోయాయి, అతనన్నదే నిజం. కారు మీద చెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత పుస్తకంలో బొమ్మ చూసింది. అది ఇంజన్ ఆయిల్ కడ్డీ. గేర్‌బాక్సుది ఇంకాస్త కింద, గొట్టాల చాటున ఉంది. తనను తానే తిట్టుకోబోయి ఆగింది. తిట్టడానికి ఇంట్లో వేరే మనిషి ఉన్నాడు కదా అనిపించి నవ్వొచ్చింది.

ఇంజన్ స్టార్ట్ చేసి, రెండో కడ్డీ లాగింది. పాత తెల్ల పాలియెస్టర్ చున్నీ ముక్కతో తుడిచింది. నూలు బట్టయితే పోగులు లోపలికి పోతాయని చదివింది. మళ్ళీ దించి, మళ్ళీ లాగింది. కడ్డీ దాదాపు ఎండిపోయి ఉంది. గీతల దాకా ఏమీ లేదు. కొసన మాత్రం ఒక చుక్క వేలాడుతోంది. దాన్ని తెల్ల బట్ట మీద రాలనిచ్చి, గేటు దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళింది.

ఎరుపు. కాస్త ముదిరినా ఎరుపే. వాసన చూసింది. మాడు వాసన లేదు.

"ఏమైంది?" అంది అత్త కుర్చీలోంచి.

"బతికే ఉన్నది అత్తమ్మా."

ఇంజన్ ఆపి, టార్చి వేసి కింద ఎక్కడెక్కడ తడిగా ఉందో చూసింది. గేర్‌బాక్సు ఆయిల్ చల్లబడడానికి రేడియేటర్‌కు పోయే ఒక రబ్బరు గొట్టం దగ్గర ఎర్రగా చెమ్మ. గొట్టాన్ని పట్టి ఉంచాల్సిన క్లిప్పు వేలితో తిప్పితే తిరుగుతోంది. ఎండలు ముదరగానే బండి వేడెక్కుతోందని రాజశేఖరే తన సైట్ దగ్గర తెలిసిన మెకానిక్‌తో రేడియేటర్ మార్పించాడు. అప్పుడు బిగించడం మరిచిపోయారు. స్క్రూడ్రైవర్ కోసం లోపలికి వెళ్ళలేదు. అత్త కుట్టుమిషన్ డబ్బాలో ఉన్నదాన్ని అత్తే లేచి తెచ్చిచ్చింది. బిగించింది. గరాటు మూతి కడ్డీ గొట్టంలో పెట్టి ఆయిల్ కొంచెం కొంచెంగా పోసింది. పోసి చూసింది, చూసి పోసింది. ఎక్కువైనా గేర్‌బాక్సుకు ప్రమాదమే. కడ్డీ మీద బండి చల్లగా ఉన్నప్పటి గీత దాకా ఆయిల్ వచ్చాక బండి తీసి కర్మన్‌ఘాట్ దాకా ఒక చుట్టు తిరిగి వచ్చింది. అసలు కొలత ఆయిల్ వేడెక్కాకే తెలుస్తుంది. దారిలో ఒక్క కుదుపు లేదు. కానీ ఇంకా సంతోషపడదలచుకోలేదు.

తిరిగొచ్చి సమంగా ఉన్న గచ్చు మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు తొక్కి పట్టుకుని లీవరును ఒక్కో చోటా కాసేపు ఆపుతూ అన్ని గేర్లలోకీ తిప్పి, మళ్ళీ పార్కింగ్ గేరు పి లో పెట్టింది. ఇంజన్ నడుస్తుండగానే దిగి బానెట్ దగ్గరికి వచ్చేసరికి గేటు ముందు బైకు ఆగింది. గజేందర్. రాజశేఖర్‌కు చిన్ననాటి స్నేహితుడు, పాత బండ్లు కొని అమ్ముతాడు.

రాజశేఖర్ పేపరు మడుస్తూ బయటికొచ్చాడు. భార్య చేతులు చూశాడు, నైటీ మీద ఎర్ర చారలు చూశాడు. "ఏంది గీ వేషం? మనిషి ఒచ్చిండు. పోయి చాయ్ వెట్టు."

శ్రీకళ కడ్డీ మీద చెయ్యి వేసి ఉంది. ఇన్నేళ్ళలో ఆ మాటకు ఆమె కాళ్ళు వాటంతటవే కదిలేవి. ఆమె నిర్ణయించుకునే లోపే వంటింట్లో ఉండేది. ఈసారి కాళ్ళు కదలలేదు.

"ఇంజన్ వేడి మీదున్నది. ఇప్పుడే చూడాలె. చాయ్ మీరు వెట్టున్రి."

గజేందర్ తల గోక్కుని, "చాయ్ ఎందుకులే" అన్నాడు. రాజశేఖర్ తల్లి వైపు చూశాడు. తల్లి తన పక్షాన మాట్లాడుతుందని చూశాడు.

"చక్కెర డబ్బా పొయ్యి పక్కన ఉన్నది శేఖర్" అంది బాలలక్ష్మి.

అతను లోపలికి వెళ్ళాడు. కాసేపటికి "చాయ్‌పత్తా ఏడున్నదే?" అన్న కేక వినిపించింది. శ్రీకళకు వినబడింది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. కడ్డీ లాగి, తుడిచి, దించి, మళ్ళీ లాగింది. ఆయిల్ వేడెక్కినప్పటి రెండు గీతలకు ఇంకా కాస్త కింద ఉంది. కొంచెం పోసింది. మళ్ళీ చూసింది. గీతల మధ్య ఎర్రగా, తేటగా, తడిగా మెరిసింది. చిన్నప్పుడు బావిలోంచి నిండు బిందె పైకొచ్చినప్పుడు కలిగే తృప్తి లాంటిదేదో భుజాల్లోంచి దిగింది.

చాయ్ వచ్చింది. అందరికీ ఒకేలా తీయగా పెట్టాడు. షుగరున్న తల్లి కప్పు అందుకుని, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఏమనకుండా కుర్చీ కింద పెట్టింది. అది చూశాకే అతనికి గుర్తొచ్చింది.

గజేందర్ బండి తీసుకుని రింగు రోడ్డు దాకా పోయొచ్చాడు. తాళాలు రాజశేఖర్ చేతిలో పెడుతూ, "బండి మంచిగున్నది గదరా. గేర్లు వెన్నలెక్క పడుతున్నయ్. ఎందుకమ్ముతున్నవ్?" అన్నాడు.

"గేర్‌బాక్స్ పోయిందనుకున్న."

"పోలే అన్నా" అంది శ్రీకళ. "రేడియేటర్ మార్చినప్పుడు గీ క్లిప్పు బిగించలే. ఆయిల్ కారిపోయింది."

గజేందర్ వంగి క్లిప్పు చూశాడు. కడ్డీ లాగి చూశాడు. "సరిగ్గ పోసినవ్ చెల్లె" అని, స్నేహితుడి వైపు తిరిగి, "ఆమె జెప్పింది నిజమేరా" అన్నాడు. ఆ మాట రాజశేఖర్ మొహంలో చేసిన మార్పును శ్రీకళ గమనించింది. తాను చెబితే ఎక్కనిది ఇంకో మగవాడు చెబితే ఎక్కింది. మునుపైతే అక్కడే మనసు కుచించుకుపోయేది. ఇప్పుడు అది ఆమెకు దూరంగా, ఎవరి ఇంట్లోనో జరుగుతున్నట్టు కనబడింది.

గజేందర్ వెళ్ళాక రాజశేఖర్ చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. ఆఖరికి, "సరె తియ్. ఉంచుకో మరి" అన్నాడు, బహుమానం ఇస్తున్నట్టు.

"ఉంచుకుంటున్న" అంది శ్రీకళ, సబ్బుతో చేతులు రుద్దుకుంటూ. "మిమ్ముల అడుగుతలేను, చెప్తున్న. కౌంటర్‌ల గూడ కూసోను. రేపు వినయ్ సార్‌కు చెప్పేస్త."

అతను ఏదో అనబోయి మానేశాడు. ఏమనాలో తెలియక మానేయడం అతనిలో ఆమె మొదటిసారి చూసింది. ఆ మౌనం ఎంతకాలం ఉంటుందో తెలియదు. రేపు ఇంకో మాట వస్తుంది, మామూలుగానే వస్తుంది. రానీ, చూద్దాం అనుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. గిన్నెలు సింకులో ఉన్నాయి. శ్రీకళ ఉతికిన డ్రస్సు వేసుకుని తాళాలు తీసుకుంది.

"యాడికి?" అన్నాడు రాజశేఖర్, సోఫాలోంచి.

"ఊరికెనే. అట్ల తిరిగొస్త."

"ఊరికెనే ఏంది? ఏం పని?"

"పనేం లేదు."

అతనికి అర్థం కాలేదు. నిజానికి ఆమెకూ ఆ మాట నోట్లో కొత్తగా ఉంది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "జర ఆగు, చెప్పులేసుకోనియ్" అని వినబడింది. బాలలక్ష్మి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చింది. వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "గిన్నెలు?" అని లోపలి నుంచి కొడుకు అడిగితే, "సబ్బు ఆడనే ఉన్నది" అంది.

శ్రీకళకు మొదట కాస్త నిరాశగా అనిపించింది. ఒంటరిగా వెళదామనుకుంది. అయినా బండి స్టార్ట్ చేసింది. చింతలకుంట దాటి సాగర్ రోడ్డెక్కారు. ఆదివారం కాబట్టి లారీలు తక్కువ. బండి ఒక గేరు నుంచి ఇంకో గేరుకు ఎప్పుడు మారుతోందో తెలియకుండా పోతోంది. అత్త అద్దం దించుకుని, గాలికి చెంగు ఎగురుతుంటే పట్టుకోకుండా వదిలేసి, రోడ్డు పక్క కొత్త అపార్టుమెంట్లు చూస్తోంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మనిషి మాట్లాడకుండా అంతసేపు ఉండగలదని శ్రీకళకు తెలియదు.

"ఏడిదాక పోతున్నం?" అంది చివరికి.

"తుర్కయంజాల్ దాక పోయి మర్లుదాం అత్తమ్మా."

బాలలక్ష్మి తలూపింది. రోడ్డు వైపే చూస్తూ అంది. "నేను పుట్టినకాడి సంది ఊరికెనే యాడికీ పోలేదే. ఏడికి పోయినా పనికే పోయిన. పెండ్లికి, సావుకు, దవాఖానకు. ఊరికెనే పోవుడు గిదే మొదలు."

శ్రీకళ ఆమె వంక చూసింది. ఆ ముడతల మొహం, ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా తాను తలుపు అవతలి నుంచి వచ్చే గొంతుగా మాత్రమే ఎరిగిన మొహం, ఎండలో కళ్ళు చికిలించి నవ్వుతోంది.

తుర్కయంజాల్ వచ్చింది. యూటర్న్ వచ్చింది. శ్రీకళ బండి మర్లించలేదు.